తీగలున్న తొక్కుడుబిళ్ళ: జార్జ్ టౌన్‌లో ఒక డాన్స్ చాప చరిత్ర

మన సభల జ్ఞాపికల్లో చరిత్ర అంటే సాధారణంగా రాజులు, కవులు, సంఘాలను నిలబెట్టిన పెద్దలు కనిపిస్తారు. కనిపించవలసిందే. నేను మాత్రం ఈసారి మూడడుగుల ప్లాస్టిక్ చాప చరిత్ర రాయబోతున్నాను. పిల్లలున్న ఇళ్ళలో చాలామంది దీన్ని చూసే ఉంటారు. చాప మీద నాలుగు వైపులా నాలుగు బాణాలు ఉంటాయి. టీవీ తెర మీద బాణాలు కిందినుంచి పైకి పాకుతుంటాయి. అవి పై గీతను తాకే క్షణానికి, పాట దరువు తప్పకుండా, చాప మీద అదే బాణాన్ని కాలితో తొక్కాలి. రెండు నెలలు తిరిగేసరికి చాప ముడతలు పడుతుంది. ఎడమ బాణం పలకడం మానేస్తుంది. ఆ తరవాత అటకెక్కుతుంది.

అలా అటకెక్కబోయిన ఒక చాపను ఆపడానికి 2004లో మలేసియాలోని జార్జ్ టౌన్‌లో మేం నలుగురం పడిన పాట్లే ఈ వ్యాసం. ఆ నలుగురిలో ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. చాపను దాదాపు పూర్తిగా పాడుచేసిందీ నేనే.

పెనాంగులో మనవాళ్ళు

పెనాంగు దీవికి జార్జ్ టౌన్ ముఖ్య పట్టణం. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ అక్కడ జెండా పాతాడు. పాత వీధులు, గుళ్ళు, మసీదులు, చీనా వంశాల సత్రాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఆ ఊరిని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మలయా రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు మన విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాలనుంచి వేలమంది ఓడలెక్కారు. మొదట ఒప్పంద కూలీలుగా, 1910లో ఆ పద్ధతి పోయాక మేస్త్రీల వెంట వెళ్ళారు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు ఈ తరహా కూలీల వలసను ఆపేసింది. అప్పటికే అక్కడ స్థిరపడినవాళ్ళ పిల్లలు, మనవలు ఇవాళ మలేసియా తెలుగువాళ్ళు. 1955లో సంఘం పెట్టుకున్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది వాళ్ళ దేశంలోనే, కౌలాలంపూరులో.

నేను వెళ్ళింది తోటలకు కాదు. 1972లో పెనాంగు దక్షిణాన బయాన్ లెపాస్‌లో స్వేచ్ఛా వాణిజ్య మండలం మొదలైంది. ఇంటెల్ అమెరికా బయట తన మొదటి కర్మాగారాన్ని అదే ఏడాది అక్కడ పెట్టింది. ముప్పై ఏళ్ళ తరవాత ఆ కర్మాగారాల చుట్టూ పెరిగిన సాఫ్ట్‌వేర్ పనుల్లో ఒకటి నాకు దొరికింది. 2003 నుంచి మూడేళ్ళు అక్కడే ఉన్నాను. జార్జ్ టౌన్‌లో ఒక పాత ఫ్లాట్ల భవనంలో, ఏడో అంతస్తులో, ఒక తెలుగు కుటుంబం దగ్గర గది అద్దెకు తీసుకున్నాను.

ఆ ఇంట్లో మామ్మగారు కెడా రాష్ట్రంలో ఒక రబ్బరు తోటలో పుట్టారు. తల్లిదండ్రులు శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాళ్ళు. ఆమె కూతురు పద్దెనిమిదో ఏటనుంచీ బయాన్ లెపాస్‌లో చిప్పుల కర్మాగారంలో ఆపరేటరు. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి, ఆమె తమిళ అలవాటు కొద్దీ నన్ను ‘తంబీ’ అనేది. బావగారు లారీ మీద వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండడు. పన్నెండేళ్ళ కొడుకుకి బడిలో మలయ్, వీధిలో తమిళం. తెలుగు మామ్మ మాట్లాడుతుంటే వినడమే తప్ప తిరిగి పలకడం లేదు.

చాప ఎక్కడినుంచి వచ్చింది

కాళ్ళతో ఆడే చాప డాన్స్ ఆటతో పుట్టలేదు. 1986లో జపానులో బందాయ్ సంస్థ నింటెండో యంత్రానికి ఒక చాప తయారుచేసింది. పరుగు పందాలు, గెంతుడు ఆటలు దాని మీద ఆడాలి. 1988లో నింటెండో దాన్నే ‘పవర్ ప్యాడ్’ పేరుతో అమెరికాలో అమ్మింది. ఈ మధ్యలో, 1987లో, అటారీ యంత్రానికి ‘ఫుట్ క్రేజ్’ అని ఇంకో చిన్న చాప వచ్చింది. పవర్ ప్యాడ్ మీద పిల్లలు చాప ముందు మోకాళ్ళ మీద కూచుని, అరచేతులతో దబదబ బాది పరుగు పందెం గెలిచేవారు. పిల్లలు ఎక్కడైనా పిల్లలే.

1998లో కొనామి సంస్థ జపానులో ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’ అనే యంత్రాన్ని ఆటల కేంద్రాల్లో పెట్టింది. ఇక్కడ కాలికింద చాప లేదు, ఉక్కు వేదిక ఉంది. ప్రతి బాణం ఒక గట్టి పలక, దాని అంచుల కింద ఒత్తిడిని పసిగట్టే సెన్సార్లు, వెనక పట్టుకోవడానికి కమ్మీ. మరుసటి ఏడాదే కొరియాలో ఆండమిరో సంస్థ అయిదు పలకల ‘పంప్ ఇట్ అప్’ తెచ్చింది. 1999లోనే కొనామి తన ఆటను ప్లేస్టేషన్‌కు మార్చి జపాను ఇళ్ళకు పంపింది. 2001లో అది అమెరికా ఇళ్ళకు చేరింది.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. ఉక్కు వేదికను ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేరు. అందుకని మళ్ళీ పాత మెత్తటి చాపకే వచ్చారు. అది మడిచి డబ్బాలో పెట్టడానికి, ఓడలో పంపడానికి, దుకాణం అరలో నిలబెట్టడానికి వీలైన వస్తువు. కాని డాన్సుకు కావలసింది మడతపడే గుణం కాదు. కళ్ళు తెర మీద ఉన్నప్పుడు, బాణం ఎక్కడుందో పాదానికి తెలియాలి. ఉక్కు వేదిక మీద పలక అంచు పాదానికి తగులుతుంది. మెత్తటి చాప మీద ఏమీ తగలదు. చౌక చాప లోపం ఎవరో అజాగ్రత్తగా తయారుచేయడం వల్ల వచ్చింది కాదు. అది మడత తెచ్చిన లోపం. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో ఇళ్ళలో చేసుకున్న మార్పులన్నీ ఈ ఒక్క లోపానికి రకరకాల జవాబులే.

ముప్పై ఎనిమిది రింగిట్లు

మా కుర్రవాడు బడి అయ్యాక కొమ్‌తార్ పరిసరాల్లో ఒక మాల్‌లో డాన్స్ యంత్రం దగ్గర నిలబడేవాడు. ఆడేందుకు డబ్బులు తక్కువ, చూసేందుకు సమయం ఎక్కువ. ఇంటికి రావడం ఏడు, ఎనిమిది గంటలయ్యేది. అక్క సాయంత్రం షిఫ్టుల్లో ఉన్న వారాల్లో మామ్మగారు తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూచునేవారు. ఒక రాత్రి తొమ్మిదిన్నరకు గాని రాలేదు. మర్నాడు అక్క వాడికి 38 రింగిట్లు పెట్టి పేరూ ఊరూ లేని ఒక డాన్స్ చాప కొనిచ్చింది. 1998 నుంచి 2005 జులై దాకా డాలరుకు 3.80 రింగిట్లు అని స్థిరంగా ఉండేది కాబట్టి, సరిగ్గా పది డాలర్లు. ఇంట్లో పాత ప్లేస్టేషన్ ఉండనే ఉంది. షరతు ఒక్కటే, ఇక మాల్‌కు వెళ్ళకూడదు.

చాపను పరిచిన రోజు మామ్మగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు.

“ఏటి బాబూ, ఇది మన తొక్కుడుబిళ్ళే కదేటి? బిళ్ళ ఏదీ?”

“బిళ్ళ టీవీలో ఉంటుంది మామ్మా.”

“మరి గీతలు తొక్కితే ఔటా?”

నవ్వాను గాని, ఆవిడ అన్నదే నిజం. గళ్ళు, ఒంటికాలు, గీత తొక్కకూడదన్న నియమం, అన్నీ అవే. తీగలొక్కటే కొత్త.

మూడో వారానికి మూడు కష్టాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, నున్నటి గచ్చు మీద చాప జారి ఒకవైపు పోగుపడేది. రెండు, ఎడమ బాణం పలికేది కాదు, పై బాణం తొక్కకుండానే పలికేది. మూడు, కింది అంతస్తువాళ్ళ ఫిర్యాదు మీద భవన నిర్వాహకులనుంచి కాగితం వచ్చింది. ఇంకోసారి గెంతుడు వినిపిస్తే ఊరుకోమని. అక్క కాగితం మడిచి చాప మీద పెట్టింది. “తంబీ, ఆదివారం లోపల ఇది సరికాకపోతే పారేస్తాను” అంది. పారేస్తే కుర్రవాడు ఎక్కడికి వెళతాడో ఇంట్లో అందరికీ తెలుసు.

లోపల ఏముంది

శుక్రవారం రాత్రి చాప అంచు కుట్టు బ్లేడుతో విప్పాను. ఇది తెలుసుకోదగ్గ సంగతి కనక కాస్త వివరంగా చెబుతాను.

పైన రంగులు అచ్చువేసిన వినైల్ గుడ్డ. దాని కింద రెండు పలచటి ప్లాస్టిక్ పొరలు, వాటి మీద నల్లటి కార్బన్ సిరాతో అచ్చువేసిన గీతలు. ఈ గీతలే తీగలు. రెండు పొరలూ ఒకదాన్నొకటి అంటుకోకుండా మధ్యలో పలచని ఫోమ్, బాణాలున్న చోట దానికి చిల్లులు. కాలు పడితే చిల్లులోంచి పై పొర కింది పొరను తాకుతుంది, విద్యుత్తు పారుతుంది. కాలు తీస్తే ఫోమ్ ఆ రెంటినీ విడదీస్తుంది. చాప పైభాగాన ఒక చిన్న డబ్బా ఉంటుంది. ప్లాస్టిక్ పొర తోకలా సాగి ఆ డబ్బాలో ఒక సర్క్యూట్ పలకకు నొక్కి బిగించి ఉంటుంది. ప్లేస్టేషన్ దృష్టిలో ఇది చాప కానే కాదు, మామూలు చేతి కంట్రోలరే. బొటనవేలి పనిని పాదం చేస్తోందంతే.

ఇది తెలిశాక రెండు జబ్బులకూ కారణం తెలిసింది. తొక్కకుండా పలికే బాణం దగ్గర ఫోమ్ అణిగిపోయి, రెండు పొరలూ ఎప్పుడూ కలిసే ఉన్నాయి. పలకని బాణం దగ్గర తోక చీలి, డబ్బాతో సంబంధం తెగింది. చాప జారి ముడతపడిన ప్రతిసారీ ఆ తోక లాగబడింది. అంటే మొదటి కష్టమే రెండో కష్టానికి తల్లి.

చెడగొట్టడం, బాగుచేయడం

శనివారం పొద్దున నేనూ కుర్రవాడూ లోరోంగ్ కులిట్ పాత సామాన్ల సంతకు వెళ్ళాం. అక్కడ తుప్పుపట్టిన గడియారాలనుంచి ఒంటికాలి కుర్చీల దాకా అన్నీ దొరుకుతాయి. అరంగుళం మందం ప్లైవుడ్ ముక్క ఒకటి బేరమాడాం. దారిలో స్టేషనరీ కొట్టులో బడి పిల్లల బొమ్మల పనికి అమ్మే పలచటి ఫోమ్ షీట్లు కొన్నాం.

ఫోమ్‌కు చిల్లులు వేయడం అనుకున్నంత తేలిక కాదు. చిల్లు పెద్దదైతే పై పొర దానంతటదే కుంగి తొక్కకుండా పలుకుతుంది. చిన్నదైతే కాలు ఎంత గట్టిగా వేసినా పలకదు. మూడు ముక్కలు పాడుచేశాక ఒక పాత పెన్ను మూత అంచుతో పొడిచిన చిల్లులు సరిపోయాయి. అంతవరకూ బాగానే ఉంది.

తరవాత తోక. నాకు కాలేజీ ప్రయోగశాలలో నేర్చిన విద్య గుర్తొచ్చింది. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి చీలిన కార్బన్ గీతకు తీగ అతికించబోయాను. ముట్టించీ ముట్టించగానే ప్లాస్టిక్ పొర పాలమీది మీగడలా ముడుచుకుపోయింది. ఎడమతో పాటు కింది బాణం గీత కూడా పోయింది. కార్బన్ సిరాకు సీసం అంటదు, కింద ఉన్న ప్లాస్టిక్ ఆ వేడికి నిలవదు. ఇది ముందే ఆలోచించవలసిన సంగతి. కుర్రవాడు ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా తోచింది.

రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన అక్క టీ తాగుతూ బల్ల మీది శవపరీక్షను చూసింది. లేచి చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని వచ్చింది.

“వేళ్ళతో ముట్టుకున్నావా దీన్ని?” అంది.

“ముట్టుకోకుండా ఎలా అక్కా?”

“మాకు మొదటి రోజే చెబుతారు. వేలి జిడ్డు చాలు, పని చెడడానికి.”

కాలిన భాగాన్ని కత్తెరతో తిన్నగా కత్తిరించింది. గీతలు చెడని చోటుదాకా తోకను పొట్టిచేసింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో గీతల చివర్లు, సర్క్యూట్ పలక రేకులు తుడిచింది. తోక పొట్టిదైంది కనక డబ్బాను రెండంగుళాలు లోపలికి జరిపించింది. అతికించడం లేదు, కాల్చడం లేదు. ప్లాస్టిక్ స్కేలును రెండు ముక్కలు చేసి, తోకనూ పలకనూ వాటి మధ్య పెట్టి, నాలుగు మరలతో బిగించమంది. ఎక్కడ గీత అరిగిందో అక్కడ మడిచిన అల్యూమినియం రేకు చిన్న ముక్క. బిగించాను. నాలుగు బాణాలూ పలికాయి.

ఇరవై ఏళ్ళకు పైగా ఆ కర్మాగారంలో, సూక్ష్మదర్శిని కింద, వెంట్రుకకంటే సన్నని తీగలతో పనిచేసిన మనిషి ఆమె. పెనాంగు కర్మాగారాల్లో తొలి రోజులనుంచీ ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. నేను ఆ దీవికి వచ్చి ఏడాదైనా, చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా ఉన్న ఆ సంగతి నాకు మా వంటింటి బల్ల దగ్గర గాని అర్థం కాలేదు.

ఆదివారం చాపను ప్లైవుడ్ మీద బిగుతుగా పరిచి, అంచులు వెనక్కి మడిచి గుండుపిన్నులతో కొట్టాం. బాణాల మధ్య గడులకు పలచటి గట్టి అట్ట అంటించి వాటిని కొద్దిగా ఎత్తుచేశాం. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా పాదానికి అంచు తగులుతుంది. ఉక్కు వేదికలోని రహస్యం ఇంతే.

మిగిలింది చప్పుడు. దానికి జవాబు మామ్మగారు చెప్పారు. ఇంట్లో పాత రబ్బరు చెప్పులన్నీ తెప్పించి, అరంగుళం ముక్కలుగా కోయించి, రెండేసి కలిపి బోర్డు కింద పన్నెండు చోట్ల కాళ్ళలా అంటించమన్నారు.

“రబ్బరు సంగతి నాకు సెప్పకు బాబూ. తెల్లారకముందే లేచి ముప్పై యేళ్ళు సెట్లు గీసినాను.”

చల్లటి వేళలోనే పాలు బాగా కారుతాయి కనక రబ్బరు చెట్లను సూర్యుడు రాకముందే గీస్తారు. ఆ పని చేసిన చేతులే ఆ రోజు చెప్పుల ముక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించాయి. సాయంత్రం నేను కింది అంతస్తువాళ్ళింటికి వెళ్ళి వాళ్ళ హాల్లో నిలబడ్డాను. పైన కుర్రవాడు ఒక పాట మొత్తం ఆడాడు. అడుగుల చప్పుడు పూర్తిగా పోలేదు గాని, ఆ ఇంటి పెద్దాయన ఫ్యాను వైపు చూసి “అదే ఎక్కువ మోగుతోంది” అన్నట్టు నవ్వాడు. రెండో కాగితం రాలేదు.

కిరీ, కానన్

మలయ్ భాషలో కిరీ అంటే ఎడమ, కానన్ అంటే కుడి. కుర్రవాడు ఆడుతూ అవే పైకి అనుకునేవాడు. మామ్మగారికి తెర సరిగా కనిపించేది కాదు. పక్కన కుర్చీలో కూచుని, వాడి కాళ్ళను బట్టి “ఎడం, ఎడం, కుడి, ఎనక్కి” అని దరువు వేసేవారు. నెల తిరిగేసరికి వాడి నోట కిరీ, కానన్ పోయి ఎడం, కుడి వచ్చాయి. తెలుగు వచ్చేసిందని నేను అనను. నాలుగు మాటలు వచ్చాయి. కాని ఆ నాలుగూ వాడు విన్నవి కాదు, పలికినవి. వాడు తిరిగి పలకడంతో ఆవిడ ఇంకో నాలుగు చెప్పారు.

2005లో ప్లేస్టేషన్ లెన్స్ అరిగిపోయింది. చాపను నా కంప్యూటరుకు తగిలించి, 2001లో మొదలైన ‘స్టెప్‌మేనియా’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఇక్కడ మాత్రం నా చదువు అక్కరకొచ్చింది. ఎడమ, కుడి కలిపి తొక్కితే ఏదీ పలికేది కాదు. కారణం మధ్యలోని చిన్న అడాప్టరు. అది ఎడమను మైనస్ ఒకటిగా, కుడిని ప్లస్ ఒకటిగా ఒకే సంఖ్యలో కలిపి పంపుతోంది. రెండూ కలిస్తే సున్నా. చేతి కంట్రోలరు మీద బొటనవేలు ఎడమనూ కుడినీ ఒకేసారి నొక్కలేదు కనక ఆ తయారీదారుకు అది తట్టలేదు. మనిషికి రెండు కాళ్ళున్నాయి. ప్రతి బాణాన్నీ వేరే మీటగా పంపే అడాప్టరు కొంటే సరిపోయింది.

ఆ తరవాత

మేం వంటింట్లో చేసిన పని మాకు మాత్రమే తట్టింది కాదు. కాలిఫోర్నియాలో రెడ్‌ఆక్టేన్ సంస్థ లోపల మందపాటి ఫోమ్ పెట్టిన చాపలు అమ్మి పేరు తెచ్చుకుంది, 2005లో ‘గిటార్ హీరో’ ఆట తెచ్చిందీ ఆ సంస్థే. 2006లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం తన 765 ప్రభుత్వ పాఠశాలల్లోనూ వ్యాయామానికి ఈ డాన్స్ ఆటను పెడతామని ప్రకటించింది. ఔత్సాహికులు ఇవాళ కాలు పడిందా లేదా అని మాత్రమే కాక, ఎంత బరువుతో పడిందో కొలిచే సెన్సార్లతో ఇళ్ళలోనే వేదికలు కట్టుకుంటున్నారు. మెత్తటి చౌక చాప కూడా ఇంకా అమ్ముడవుతూనే ఉంది, అదే మడతతో, అదే లోపంతో.

2006లో నేను పెనాంగు వదిలి వచ్చేశాను. ప్లైవుడ్‌కు కొట్టిన చాప ఇక మడతపడదు, ఏ పెట్టెలోనూ పట్టదు. రెండు గదుల ఇంట్లో దానికి మూడడుగుల చోటు శాశ్వతంగా ఇవ్వాలి. అక్క ఇచ్చింది. తోటలో కంపెనీ ఇచ్చిన వరస ఇళ్ళలో పుట్టి, తోట అమ్ముడుపోతే మూట కట్టుకుని పట్నం వచ్చిన కుటుంబానికి చోటు విలువ నాకంటే బాగా తెలుసు.

2018లో మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. మామ్మగారు పోయి అప్పటికి ఆరేళ్ళు. కుర్రవాడు పెద్దవాడై ఉద్యోగం చేస్తున్నాడు. నన్ను తెలుగులోనే పలకరించాడు, తడుముకుంటూ. చాప సంగతి అడిగితే అక్క స్నానాల గది పక్కకు తీసుకెళ్ళింది. వినైల్ ఎప్పుడో చిరిగిపోయిందట. ప్లైవుడ్ మాత్రం వాషింగ్ మెషీన్ కింద ఉంది, పన్నెండు రబ్బరు కాళ్ళతో సహా. బట్టలు పిండేటప్పుడు చప్పుడు రాదట. “అమ్మ పెట్టించిన కాళ్ళు కదా, తీయబుద్ధి కాలేదు” అంది.

ఈ సంచిక చదువుతున్న మీ ఇళ్ళలోనూ అటక మీదో గ్యారేజీలోనో ఇలాంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. అమ్మమ్మ ఊరినుంచి తెచ్చిన గ్రైండరుకు ఇక్కడి కరెంటు సరిపడక తాతయ్య చేసిన మార్పో, పిల్లల కూచిపూడి సాధనకు నాన్నగారు వేయించిన చెక్క నేలో. దాన్ని పారేసే ముందు ఎవరు, ఎందుకు, ఎలా మార్చారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. సంఘాల చరిత్ర రాయడానికి పెద్దలున్నారు. ఇంటి చరిత్ర ఇంట్లోవాళ్ళే రాయాలి.